ఇత్తడి నట్టు మీద ఎర్ర గీత

మా మూడో రికార్డు వచ్చి ఇన్నేళ్ళయినా దాని గురించి అడగడానికి ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోను చేస్తూనే ఉంటారు. మొన్న స్వీడన్ నుంచి ఒకాయన చేశాడు, అంతకు ముందు జపాన్ నుంచి ఒకావిడ. అందరికీ కావలసింది ఒకటే. ‘కంచె దగ్గర ఆగు’ పాటలో నా స్టీల్ గిటారు ఏడుపు గొంతుతో నవ్వినట్టు ఎందుకు వినిపిస్తుంది? పెడల్ తొక్కితే తీగ స్వరం సరిగ్గా ఎంత పైకి పోతుంది? అంకెల్లో చెప్పమంటారు. అంకెలు నా దగ్గర లేవంటే ముసలిది దాచుకుంటోందని అనుకుంటారు. నేను ఏదీ దాచుకునే మనిషిని కాను. నోటికొచ్చింది అనేయడమే నా జబ్బు. ఆ జబ్బు వల్లే ఆ రికార్డు చేస్తున్నప్పుడు మా నాన్నని అనకూడని మాట అన్నాను. అంకెలు అడిగేవాళ్ళు ఆ సంగతి అడగరు కాబట్టి నేనే చెబుతున్నాను.

1972 ఫిబ్రవరి. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మాది ఆయిల్‌డేల్, బేకర్స్‌ఫీల్డ్‌కి నది అవతల, చమురు బావుల మధ్య. మా తాతలు కరువు రోజుల్లో ఓక్లహోమా దుమ్ము తుఫానుల్లోంచి పారిపోయి వచ్చి ఇక్కడి పొలాల్లో పత్తి ఏరినవాళ్ళు. మా బ్యాండు పేరు ట్యూల్ ఫాగ్. చలికాలంలో మా లోయని కమ్ముకునే మంచుకి ఆ పేరు. ఆ మంచులో ముందు పోయే లారీ కూడా కనిపించదు. మా మొదటి రెండు రికార్డులూ జనానికి అలాగే కనిపించకుండా పోయాయని మా డ్రమ్ములవాడు రూబెన్ పచేకో వెక్కిరించేవాడు. పాటలు కట్టేది, పాడేది డెల్మర్ స్ట్రౌడ్. మా పక్కింటివాడు, నాతో పాటే పెరిగాడు. నేను పెడల్ స్టీల్ వాయించేదాన్ని, నా పేరు ఆర్డిత్ టాకెట్.

పెడల్ స్టీల్ అంటే ఒళ్ళో పెట్టుకునే గిటారు కాదు. బల్లలా నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. దాని ముందు కూర్చుని ఎడమ చేత్తో ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ, కుడి చేత్తో మీటుతూ, కింద పాదాలతో పెడళ్ళు తొక్కాలి. పెడల్ తొక్కితే అడుగున ఒక సన్నటి ఊచ లాగుతుంది, తీగ స్వరం పైకి ఎక్కుతుంది. ఎంతవరకు ఎక్కాలో ఊచ చివర ఉన్న నట్టు చెబుతుంది. నా స్టీల్‌కి అలాంటి నట్లు ఎనిమిది, అన్నీ ఇత్తడివి. మా నాన్న లేతు మీద స్వయంగా చేసినవి.

మా నాన్న ఓర్వల్, ఒక చమురు కంపెనీ వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు లేతు దగ్గర నిలబడ్డాడు. ఆ రొదకి చెవులు పోయాయి. లారీ హారన్ లాంటివి వినిపిస్తాయి, సన్నటి స్వరాలు అసలు వినిపించవు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట గ్రహిస్తాడు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు నాకోసం ఈ స్టీల్ చేశాడు గానీ, దానికి శ్రుతి పెట్టడం ఆయన వల్ల కాలేదు. ఆ పని మా అమ్మ ఓపలీన్ చేసింది. చర్చిలో పాట ఎత్తుకునేది మా అమ్మే. వీధిలో పిల్లలందరికీ, డెల్మర్‌తో సహా, పాటకి రెండో గొంతు కలపడం నేర్పింది ఆవిడే. వంటింట్లో స్టీల్ పెట్టుకుని నాన్న నట్టు తిప్పుతుంటే అమ్మ ఎదురుగా నిలబడి స్వరం పాడేది.

"ఇంకొంచెం కిందికి, ఓర్వల్. ఇంకొక్క పిసరు. ఆఁ, ఆగు."

ఆగమన్న చోట గోళ్ళరంగు సీసా తెచ్చి, నట్టు మీంచి పక్కనున్న అల్యూమినియం పలక మీదికి ఒక సన్నటి ఎర్ర గీత గీసేది. నట్టు కదిలితే గీత రెండు ముక్కలవుతుంది, కదిలిందని తెలిసిపోతుంది. వర్క్‌షాపుల్లో అందరూ చేసే పనే, కాకపోతే వాళ్ళు పెయింటు వాడతారు. మా చర్చిలో గోళ్ళరంగు వేసుకోవడం పాపం. అమ్మ ఆ సీసాని పిండి డబ్బాలో దాచి, బూట్లలో ఎవరికీ కనిపించని కాలి గోళ్ళకి మాత్రం వేసుకునేది. "దేవుడికి తెలిస్తే తెలియనీ, పాస్టరు పెళ్ళానికి తెలియకపోతే చాలు" అనేది.

అమ్మ పోయి అప్పటికి అయిదేళ్ళయింది. తీగల్ని నేను రోజూ శ్రుతి చేసుకునేదాన్ని, అది వేరే పని. ఆ నట్ల జోలికి మాత్రం పదేళ్ళుగా ఎవరూ పోలేదు. అమ్మ గొంతు ఎక్కడా రికార్డు కాలేదు. ఇంట్లో టేపు మెషీన్ లేదు, చర్చిలోనూ లేదు. ఆవిడ స్వరం మిగిలింది ఆ ఎనిమిది నట్లలోనే. ఈ సంగతి నాకు బాగా తెలుసు, ఎవరితోనూ అనలేదు.

మూడో రికార్డుకి రికార్డు కంపెనీవాళ్ళు మమ్మల్ని ఇర్విన్ జాస్లో అనే నిర్మాత చేతికి అప్పగించారు. ఇది కూడా పోతే మీ దారి మీది అని ముందే చెప్పేశారు. జాస్లో చెడ్డవాడు కాదు, తొందర మనిషి. లాస్ ఏంజెలెస్‌లో స్టూడియోకి వెళ్ళిన మొదటి రోజే నన్ను పక్కకి పిలిచాడు.

"చూడమ్మాయ్, రికార్డు అట్ట మీద ఫొటోలో నువ్వుంటావు. ఊళ్ళు తిరిగేటప్పుడూ నువ్వే వాయిస్తావు. టేపు మీద మాత్రం గార్లండ్ మీక్స్ చేత వాయింపిద్దాం. ఈ ఊళ్ళో అందరికీ ఆయనే వాయిస్తాడు, ఇందులో తప్పేం లేదు."

"అయితే ఫొటో కూడా ఆయన్నే దిగమనండి. నా గౌను ఇస్తాను, నడుం దగ్గర కాస్త వదులు చేసుకోవాలి."

జాస్లో పెద్దగా నవ్వాడు. నవ్వి, ఒక్క రోజు ఇచ్చాడు. ‘కంచె దగ్గర ఆగు’ వాయించి చూపించాలి. నచ్చితే రికార్డంతా నేనే, లేకపోతే గార్లండ్. డెల్మర్ అక్కడే నిలబడి బూటు కొన చూసుకుంటున్నాడు. పాట ఎత్తుకుంటే గుండె కరిగించేవాడు, నా తరఫున ఒక మాట అనవలసి వచ్చేసరికి నోట్లో నాలుక లేనట్టు ఉండిపోయాడు. ఆ కోపం నాకు చాలా కాలం పోలేదు.

వేదిక మీద వాయించింది ఆ పూటకే పోతుంది. టేపు మీదిది ఉంటుంది. అమ్మ స్వరం ఎక్కడో ఒకచోట ఉండిపోవాలంటే ఇదే చివరి అవకాశమని నాకు తెలుసు. నాన్నని వెంట పెట్టుకు వచ్చింది కూడా అందుకే. స్టీల్‌కి ఏదైనా అయితే దాన్ని విప్పి బిగించగల మనిషి ఆయనొక్కడే.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాం. నాన్న అద్దాల గదిలో, ఇంజనీరు వెనకాల ఒక స్టూలు మీద రెంచీల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వినిపించేది ఏమీ లేదు. అయినా నా చేతులు చూస్తూ తల ఊపుతున్నాడు. మూడుసార్లు వాయించాం. మూడోసారి డెల్మర్ గొంతూ నా స్టీలూ పాలూ నీళ్ళలా కలిసిపోయాయి. రూబెన్ డ్రమ్ముల వెనక నుంచి నాకు కన్ను కొట్టాడు.

"బాగుంది" అన్నాడు జాస్లో లౌడ్‌స్పీకర్లోంచి. "చాలా దగ్గరికి వచ్చాం. కానీ స్టీల్ స్వరం కాస్త కింద ఉందమ్మాయ్. పియానోతో కలవడం లేదు."

"పియానోయే పైన ఉంది" అన్నాను.

"పియానోకి నిన్ననే శ్రుతి పెట్టించాను."

"పియానో అంటే కంపెనీ తరఫు మనిషి, ఆర్డీ" అన్నాడు రూబెన్. "మనం ఎదురు చెప్పకూడదు."

అందరూ నవ్వారు, జాస్లోతో సహా. భోంచేసి వచ్చి ఇంకోసారి చూద్దామన్నాడు. ఆ నవ్వుతో నాకు ధైర్యం వచ్చింది. వీధి చివర బండి దగ్గర టాకో రొట్టెలు తినడానికి మేమంతా బయల్దేరాం. నాన్న రానన్నాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న బీన్సు, మొక్కజొన్న రొట్టె ఉన్నాయట, స్టీల్‌కి కాపలా ఉంటాడట.

తిరిగి వచ్చి కూర్చున్నాను. పాట మొదలైంది. మొదటి పెడల్ తొక్కాను. స్వరం నేను అనుకున్న చోట లేదు. నా కాలు సరిగ్గా పడలేదనుకున్నాను. మళ్ళీ తొక్కితే మళ్ళీ అంతే, పుల్లగా, గీరుకుపోతున్నట్టు. కడ్డీని వెనక్కి జరిపి సరిచేయబోతే మిగిలిన తీగలు తప్పాయి. డెల్మర్ గొంతు నా కోసం వెతుక్కుని, దొరక్క తడబడింది. ఆరుసార్లు వాయించాం. ఒకదాన్ని మించి ఒకటి చెడింది. నట్ల సంగతి నాకు తట్టనే లేదు. పదేళ్ళు కదలనివి ఇవాళెందుకు కదులుతాయి? భయంతో నా చేతులే చెడిపోయాయనుకున్నాను.

ప్రతిసారీ పాట అయ్యాక అద్దాల అవతల నాన్న బొటనవేలు పైకెత్తి చూపిస్తున్నాడు. ముఖమంతా నవ్వు. చేతులు బాగానే కదులుతున్నాయి కదా, ఇంకేం తెలుస్తుంది ఆయనకి?

జాస్లో బయటికి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రేపు పొద్దున గార్లండ్‌ని రమ్మంటాను" అన్నాడు మెల్లగా. "నువ్వు కూడా వచ్చి విను."

కార్లు నిలిపే చోట స్టీల్‌ని పెట్టెలో పెట్టడానికి వెల్లకిలా తిప్పాను. ఎండ పలక మీద పడింది. ఎర్ర గీతలు విరిగి ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, ఎనిమిది నట్లూ కదిలాయి.

"నాన్నా, వీటిని ఎవరు ముట్టుకున్నారు?"

"నేనే" అన్నాడు నాన్న, సంబరంగా. "నీతో చెబుదామంటే మళ్ళీ పాటలో పడ్డావు. నీ స్వరం కింద ఉందని ఆయన అన్నాడు కదే, పెదాల మీద చూశాను. ఆ ఇంజనీరు దగ్గర శ్రుతి చూసే మెషీన్ ఉంది. భలే వస్తువులే! గాజు వెనకాల చారలు తిరుగుతుంటాయి. స్వరం సరిగ్గా ఉంటే కదలకుండా నిలబడిపోతాయి. నాకు చెవులతో పని లేకుండా పోయింది! ఒక్కో పెడలూ నొక్కి, ఒక్కో తీగా మీటి, అన్నీ చారల మీద నిలబెట్టాను. పలక మీద జిడ్డు కూడా తుడిచాను. ఏం, ఇప్పుడు కలిసిందా పియానోతో?"

అదీ సంగతి. మెషీన్ లెక్క ప్రకారం అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. స్టీల్ మీద అలా ఉంచితే పుల్లగా ఉంటుందని వాయించే ప్రతివాడికీ తెలుసు, చెవికి తీపి తగిలేదాకా కిందికి దింపుకుంటారు. మా అమ్మ ఇంకా కిందికి దింపింది, ఆవిడ గొంతు నిలిచే చోటికి. అది నాన్నకి ఎవరూ చెప్పలేదు. తిప్పమంటే తిప్పాడు, ఆగమంటే ఆగాడు, అంతే.

ఇదంతా నేను ఇప్పుడు ఆలోచించి చెబుతున్న మాట. అప్పుడు ఆలోచించలేదు.

"అమ్మ ఒకసారి పోయింది" అన్నాను. "ఇవాళ నువ్వు రెండోసారి చంపావు."

చెవులు వినపడని మనిషికి మాట పెదాల మీద కనిపిస్తుంది. నేను ఆయన ముఖంలోకి చూస్తూనే అన్నాను. ఒక్కో ముక్కా విడివిడిగా అన్నాను. నాన్న ముఖంలో నవ్వు పోవడం నా కళ్ళతో చూశాను. ఆయన వంగి విరిగిన గీతల్ని చూశాడు. అప్పుడు అర్థమైందాయనకి. చేత్తో నోరు మూసుకున్నాడు.

మోటెల్‌లో ఆయన ఏమీ తినలేదు. నేను టీవీ వైపు తిరిగి కూర్చున్నాను. కాసేపటికి, "గీత ముక్కలు ఉన్నాయి కదే తల్లీ" అన్నాడు. "నట్టు మీది ముక్కని పలక మీది ముక్కకి కలిపితే..."

"ముట్టుకోకు" అన్నాను.

మర్నాడు స్టూడియోకి వెళ్ళాను. వెళ్ళకపోతే ఏడుస్తూ మోటెల్ గదిలో కూర్చుందంటారని వెళ్ళాను. నాన్న స్టీల్‌తో పాటు ట్రక్కులోనే ఉండిపోయాడు.

గార్లండ్ మీక్స్‌ని అసహ్యించుకుందామని సిద్ధమై వచ్చాను గానీ ఆ మనిషి అవకాశం ఇవ్వలేదు. యాభై దాటిన మనిషి, మాటలో టెక్సస్ యాస. నన్ను చూడగానే టోపీ తీసి, "నీ చోట్లో కూర్చుంటున్నానమ్మా, ఏమనుకోకు" అన్నాడు. వాయిస్తే ఒక్క స్వరం అటూ ఇటూ పోలేదు. అంత బాగా నేను ఈ జన్మలో వాయించలేను. ఉన్న మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

కానీ డెల్మర్ పాడలేకపోయాడు. మొదటి చరణం బాగానే ఎత్తుకున్నాడు. ‘కంచె దగ్గర ఆగు, నేను దీపం తెస్తున్నాను’ అన్న చోట గొంతు నిలపాలి. అక్కడికి వచ్చేసరికి కిందికి జారుతున్నాడు. జాస్లో ఆపించి మళ్ళీ మొదలుపెట్టించాడు. మళ్ళీ జారాడు. అయిదోసారికి డెల్మర్ మెడ ఎర్రబడింది.

"ఏమైందయ్యా నీకు?" అన్నాడు జాస్లో.

సమాధానం గార్లండ్ చెప్పాడు. కడ్డీ పక్కన పెట్టి, వేళ్ళకున్న మీటుగోళ్ళు ఒక్కొక్కటే తీస్తూ, "కుర్రాడు తప్పు పాడటం లేదండీ" అన్నాడు. "గదిలో లేని మనిషితో కలిసి పాడుతున్నాడు. ఆ మనిషెవరో పిలిపించండి. నేను ఎంతసేపు వాయించినా ఇది అతకదు."

డెల్మర్ మైకు దగ్గరే నిలబడి, బూటు వైపు కాకుండా, ఈసారి నా వైపు చూశాడు.

"ఓపలీన్ అత్తయ్య" అన్నాడు. "నాకు ఆరేళ్ళప్పటి నుంచి ఆవిడ నిలబెట్టిన చోటే నిలబెడుతున్నానండీ. నాకు ఇంకో చోటు తెలియదు. ఆ చోటు ఆర్డీ స్టీల్‌లో ఉంది. నిన్న పొద్దున ఉంది. మధ్యాహ్నం ఏమైందో నాకు తెలియదు. ఈ మాట మొన్ననే చెప్పాల్సింది, ఆర్డీ. నోరు రాలేదు."

"నీకు నోరు రావడానికి టెక్సస్ నుంచి మనిషి రావాల్సొచ్చింది" అన్నాను. అనగానే నాకు ఏడుపొచ్చింది.

జాస్లో నా వైపు తిరిగాడు. "నిన్న మధ్యాహ్నం ఏమైంది?"

నిజం చెబితే ఒక్క మాటలో నా తప్పేమీ లేదని తేలిపోతుంది. చెవిటి ముసలాయన రెంచీ పట్టుకున్నాడంటే చాలు. అందరూ అయ్యో అంటారు, నాన్న ఇక జన్మలో స్టూడియో గడప తొక్కడు.

"నట్లు జారాయి" అన్నాను. "దారిలో కుదుపులకి వదులైనట్టున్నాయి. ఒక గంట ఇవ్వండి, సరిచేస్తాం. ఇంకో మాట. ఆ పియానో మూత వేయించండి."

జాస్లో గడియారం చూశాడు. పన్నెండింటికి హాలు ఇంకెవరికో ఇవ్వాలట. అప్పుడు పది దాటింది. "పన్నెండులోపు ఒక్కసారి" అన్నాడు. గార్లండ్ వెళ్ళిపోలేదు. తనకి వేరే పనేం లేదంటూ గోడవారన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ట్రక్కులో నాన్న రెంచీల పెట్టె ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉన్నాడు. నేను తలుపు తీశాను.

"నాన్నా, రా. నట్లు తిప్పాలి."

"ముట్టుకోవద్దన్నావుగా."

"ఇప్పుడు ముట్టుకోమంటున్నా. లే."

హాలు మధ్యలో చాప పరిచి స్టీల్ నిలబెట్టాం. నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నట్టు మీది ఎర్ర ముక్కని పలక మీది ఎర్ర ముక్క దగ్గరికి తెచ్చి ఆపుతున్నాడు. ఏ నట్టూ అరచుట్టు కూడా తిరగలేదు కాబట్టి పని త్వరగానే సాగింది. ఒకటి, రెండు, మూడు... ఏడు కలిశాయి. ఎనిమిదో దాని దగ్గర ఆగిపోయాడు.

"దీనికి పలక మీద గీత లేదే" అన్నాడు. "నిన్న పెయింటు థిన్నర్‌తో తుడిచాను. నల్లబడి గీత కనిపించలేదు, అంతా జిడ్డే అనుకున్నాను."

‘కంచె దగ్గర ఆగు’ పాటంతా ఆ ఎనిమిదో నట్టు మీదే నడుస్తుంది. డెల్మర్ గొంతు నిలబెట్టే చోటు అదే. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. నేను వంగి చూశాను. పలక తళతళ మెరుస్తోంది, ఎర్ర చుక్క కూడా లేదు.

"ఎక్కడ ఆపను?" అన్నాడు నాన్న.

నా చెవుల మీద నాకు నమ్మకం నిన్న మధ్యాహ్నమే పోయింది. అమ్మ స్వరం నాకు నిజంగా గుర్తుందా, గుర్తుందని అనుకుంటున్నానా? తప్పు చోట ఆపితే, ఇక జీవితమంతా ఆ తప్పునే అమ్మ అనుకుంటూ వాయిస్తాను. అందరూ చూస్తున్నారు. నాన్న మాత్రం నా పెదాల వైపే చూస్తున్నాడు, వంటింట్లో అమ్మ పెదాల వైపు చూసినట్టే. నేను కాలితో పెడల్ తొక్కి, తీగ మీటి, కళ్ళు మూసుకుని ఆ స్వరం పాడాను. నా గొంతు అంత గొప్పదేం కాదు. అమ్మ స్వరం ఎత్తుకునే ముందు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేది. నేనూ బిగబట్టాను.

"ఇంకొంచెం కిందికి, ఓర్వల్."

అలా అనాలని అనుకోలేదు. ఆ మాట నేను విన్నది అలాగే, కాబట్టి అలాగే వచ్చింది. కళ్ళు తెరిచాను. నాన్న చేయి రెంచీ మీద ఆగిపోయింది. ఒక క్షణం నన్ను చూసి, మళ్ళీ తిప్పడం మొదలుపెట్టాడు.

"ఇంకొక్క పిసరు. ఆఁ, ఆగు."

మైకు దగ్గర డెల్మర్ ఎవరూ చెప్పకుండానే ఆ స్వరం అందుకున్నాడు. మెల్లగా, నోరు మూసుకునే. నిలిచింది.

రికార్డులో మీరు వినేది ఆ తర్వాత ఒక్కసారి వాయించినదే. పన్నెండుకి పది నిమిషాలుంది. పాట చివర నా ఆఖరి స్వరం ఆగాక కూడా రూబెన్ కర్రలు గాల్లోనే పట్టుకుని ఉన్నాడు. లౌడ్‌స్పీకర్లోంచి జాస్లో, "ఎవరూ ఏదీ ముట్టుకోకండి" అన్నాడు. "రేపు ఇలాగే మొదలుపెడదాం. అమ్మాయ్, రికార్డంతా నువ్వే." గార్లండ్ టోపీ పెట్టుకుంటూ నా దగ్గరికి వచ్చి, "ఆ నట్లు నాకు చూపించకమ్మా, చూస్తే దొంగిలిస్తాను" అని వెళ్ళిపోయాడు.

ఆ వేసవిలో ఆ పాట రేడియోలో ఎక్కడ తిప్పినా వచ్చింది. చమురు బావుల దగ్గర లారీలాపి విన్నారు. మేము మంచులోంచి బయటపడ్డామని రూబెన్ అన్నాడు. అట్ట వెనక ‘స్టీల్ శ్రుతి: ఓపలీన్ టాకెట్’ అని అచ్చువేయించాను. ఆవిడెవరు, వాయిద్యకారుల యూనియన్ కార్డుందా అని కంపెనీవాళ్ళు అడిగితే జాస్లోయే ఏదో చెప్పి సర్దేశాడు. అదంతా తర్వాతి మాట.

ఆ రోజు అందరూ బయటికి వెళ్ళాక నాన్న ఇంకా స్టీల్ పక్కనే మోకాళ్ళ మీద ఉన్నాడు. చిన్న టార్చిలైటుని పలకకి అడ్డంగా పట్టుకుని చూస్తున్నాడు.

"ఇలా రావే" అన్నాడు.

వెళ్ళి ఆయన పక్కన చతికిలబడ్డాను. పై నుంచి చూస్తే ఏమీ కనిపించలేదు. వెలుగు వాలుగా పడితే మాత్రం, అల్యూమినియం మీది సన్నటి గీరలలో, థిన్నర్ గుడ్డ అందని చోట, పదేళ్ళ కిందటి రంగు మిగిలి ఉంది. లేత గులాబీ రంగు, వెంట్రుకంత. నట్టు మీది ఎర్ర ముక్క సరిగ్గా దానికి ఎదురుగా నిలబడి ఉంది. నా గోరు అడ్డం పెట్టి చూశాను. అటూ ఇటూ ఏమాత్రం తేడా లేదు.

నాన్న రెంచీల పెట్టె అడుగు నుంచి చిన్న గాజు సీసా తీశాడు. అమ్మ గోళ్ళరంగు. అమ్మతో పాటే పోయిందనుకున్నాను. ఎండి గడ్డకట్టుకుపోయి ఉంది. అందులో రెండు చుక్కల థిన్నర్ పోసి, చాలాసేపు అరచేతుల మధ్య దొర్లించి, కుంచె నా చేతికిచ్చాడు.

"నువ్వు గియ్యి. నా చేతులు వణుకుతున్నాయి."

నట్టు మీంచి పలక మీదికి గీశాను. గీత కొంచెం వంకరగా వచ్చింది. ఆరేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. తర్వాత నేను ఆయన గడ్డం పట్టుకుని ముఖం నా వైపు తిప్పుకున్నాను, నా పెదాలు కనిపించేలా.

"నాన్నా, నిన్న నేనన్న మాట..."

"ఏ మాట?" అన్నాడు నాన్న సీసా మూత బిగిస్తూ. "నాకు చెవులు వినపడవు కదే, పిచ్చి తల్లీ."